‘ఎందుకు?’ అని అడిగితే చెప్పేవాళ్లుండాలి

అందరికీ నమస్కారం.

ఏఐ వల్ల ఉద్యోగాలు ఉంటాయా, ఊడతాయా? మీలో చాలామంది ఈ ప్రశ్నతోనే వచ్చి ఉంటారు. దాని గురించి తప్పకుండా మాట్లాడతాను. ముందుగా ఒక ఫోన్ కాల్ సంగతి చెప్పనివ్వండి. ఇరవై ఏళ్లకు పైగా హెచ్‌ఆర్‌లో ఉన్నాను. వేలమందికి ఆఫర్ లెటర్లు ఇచ్చాను. అంతకు ఎన్నో రెట్లమందికి ‘ఈసారికి కుదరలేదండీ’ అని చెప్పాను. ఆ ఒక్క కాల్ మాత్రం ఇప్పటికీ నా చెవిలో మోగుతూనే ఉంది.

అప్పట్లో నేను పనిచేసే సంస్థలో అకౌంట్స్‌కి మనుషుల్ని తీసుకుంటున్నాం. ఆరు పోస్టులకు మూడు వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటిని వడకట్టడానికి కొత్తగా ఒక సాఫ్ట్‌వేర్ తెప్పించారు. హమ్మయ్య అనుకున్నాం. రెండు వారాల పని రెండు గంటల్లో తేలిపోతుంటే ఎవరికి సంతోషంగా ఉండదు? ఓ రోజు పొద్దున్నే ఒకావిడ ఫోన్ చేశారు.

“మేడమ్, నాకు పదకొండేళ్ల అనుభవం ఉంది. మీరు ప్రకటనలో అడిగిన పనులన్నీ చేశాను. రాత్రి పదకొండున్నరకు అప్లై చేస్తే నాలుగు నిమిషాలకే రిజెక్ట్ అయినట్టు మెయిల్ వచ్చింది. ఆ వేళప్పుడు నా రెజ్యూమె ఎవరు చదివారండీ? ఎందుకు వద్దనుకున్నారో చెప్తే సరిచేసుకుంటాను.”

చూసి చెప్తానన్నాను. సిస్టమ్‌లో ఆవిడ పేరు కొడితే ఒక స్కోరు కనిపించింది. 41. పక్కన ఎర్ర చుక్క. అంతే, ఇంకేమీ లేదు. 41 ఎందుకో మా టీమ్‌లో ఎవరికీ తెలియదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లకు రాస్తే పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. ఉద్యోగాల మధ్య ఆరు నెలలకు మించి ఖాళీ ఉంటే మార్కులు బాగా తగ్గించే ఆప్షన్ ఒకటి అందులో ముందే టిక్ పెట్టి ఉందట. ఆ టిక్ మాలో ఎవరూ పెట్టలేదు. ఎవరూ తీయనూ లేదు. ఆవిడ రెజ్యూమెలో పద్నాలుగు నెలల ఖాళీ ఉంది. అమ్మకు పక్షవాతం వస్తే దగ్గరుండి చూసుకున్నారు. ఆ మాట రెజ్యూమెలో ఒక లైనులో రాసి ఉంది కూడా.

ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పటికే పోస్టులన్నీ నిండిపోయాయి. ఆవిడ కోప్పడలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “అమ్మను చూసుకున్నందుకా అండీ?” అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే. యంత్రం మన పని చేసిపెడితే నాకు సంతోషమే. కానీ ఒక మనిషి బతుకుదెరువు గురించి నిర్ణయం జరిగినప్పుడు, ‘ఎందుకు?’ అని అడిగితే చెప్పగలిగే మనిషి ఒకరు ఆ నిర్ణయం వెనక ఉండాలి. చాలా సంస్థల్లో ఆ మనిషి మెల్లమెల్లగా మాయమైపోతున్నారు. ఫలానావాళ్లు తీసేశారని చెప్పడానికి కూడా ఎవరూ లేరు, ఆ కుర్చీ దానంతటదే ఖాళీ అయిపోతోంది.

చాన్నాళ్లు ఇది మా ఒక్క సంస్థలో జరిగిన పొరపాటే అనుకున్నాను. 2021లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి ఒక నివేదిక తెచ్చాయి. అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో రెండు వేలమందికి పైగా సంస్థల పెద్దలను అడిగి రాసింది. పనికొచ్చే మనుషులు కూడా ప్రకటనలో పెట్టిన షరతులకు అక్షరాలా సరిపోకపోవడం వల్ల తమ సాఫ్ట్‌వేర్ వడపోతలో పోతున్నారని వాళ్లలో 88 శాతం మంది ఒప్పుకున్నారు. ఉద్యోగంలో ఆరు నెలల ఖాళీ కనిపిస్తే పక్కన పెట్టేసే సంస్థలు దాదాపు సగం. జబ్బు చేసినవాళ్లు, పిల్లల్ని కన్న తల్లులు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకున్నవాళ్లు, సంస్థ మూతపడి రోడ్డున పడ్డవాళ్లు, అందరూ ఆ జల్లెడలోంచి జారిపోయేవాళ్లే. అదే సంస్థలు మరోపక్క ‘మనుషులు దొరకడం లేదు’ అని మొత్తుకుంటున్నాయి.

రిక్రూటర్ల కష్టం నాకు తెలియనిది కాదు, ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే. ఒక పోస్టుకు వెయ్యి రెజ్యూమెలు వస్తే మనిషి ఎన్ని చదవగలడు? ఇప్పుడు పరిస్థితి ఇంకా ముదిరింది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక, దరఖాస్తు రాయడానికి పట్టే టైమ్ దాదాపు సున్నా అయిపోయింది. ఒక కుర్రాడు రాత్రికి రాత్రి రెండొందల ఉద్యోగాలకు, ఒక్కోదానికి ఒక్కో రకంగా దిద్దిన రెజ్యూమె పంపగలడు. ఇటుపక్క ఉద్యోగ ప్రకటన రాసేదీ ఏఐయే, అటుపక్క దానికి తగ్గట్టు రెజ్యూమె రాసేదీ ఏఐయే, మధ్యలో వడకట్టేదీ ఏఐయే. నిరుడు ఒక పోస్టుకు వచ్చిన కవరింగ్ లెటర్లు వరసగా చదివాను. పదో ఉత్తరానికి వచ్చేసరికి మొదటిది మళ్లీ చదువుతున్నానేమో అనిపించింది. అందరూ ‘సవాళ్లను అవకాశాలుగా మలచుకునేవాళ్లే’. ఇంతమంది రాశారు, ఒక్కరూ నాతో మాట్లాడలేదు.

సరే, వడకట్టడం యంత్రానికి ఇచ్చాం. అది ఎలా నేర్చుకుంటుంది? విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలవదంటారు కదా. అమెజాన్ సంస్థ 2014 నుంచి రెజ్యూమెలకు మార్కులు వేసే ఒక ఏఐ పరికరాన్ని తయారు చేసుకుంటూ వచ్చింది. అంతకు ముందు పదేళ్లలో తమకు వచ్చిన రెజ్యూమెలను దానికి పాఠాలుగా పెట్టారు. టెక్నికల్ ఉద్యోగాలకు ఆ పదేళ్లలో వచ్చినవాటిలో ఎక్కువ మగవాళ్లవే. దాంతో ‘ఉమెన్స్’ అనే మాట కనిపిస్తే మార్కులు తగ్గించడం అది నేర్చుకుంది. ఉదాహరణకు ‘ఉమెన్స్ చెస్ క్లబ్ కెప్టెన్’ అని ఉంటే తగ్గింపే. రెండు మహిళా కళాశాలల్లో చదివినవాళ్లకూ మార్కులు తగ్గించింది. ఇంజనీర్లు ఆ మాటలను పట్టించుకోవద్దని సరిదిద్దారు. అయినా అది ఇంకో దొడ్డిదారి వెతుక్కోదన్న భరోసా లేక ఆ పథకాన్నే ఎత్తేశారు. 2018 అక్టోబర్‌లో రాయిటర్స్ వార్తా సంస్థ ఈ కథ బయటపెట్టింది.

ఇందులో నాకు భయం వేసేది యంత్రం చేసిన తప్పు గురించి కాదు. అది అద్దం చూపించింది. పదేళ్లుగా మనుషులు ఎలా ఎంచుకున్నారో అలాగే ఎంచుకుంది. తేడా ఎక్కడంటే, ఒక మేనేజర్‌కు పక్షపాతం ఉంటే అతని కింద ఇంటర్వ్యూకి వచ్చిన పది మందికి అన్యాయం జరుగుతుంది. పక్క డిపార్ట్‌మెంట్‌లో ఇంకో మేనేజర్ ఉంటాడు, అతను వేరేలా ఆలోచిస్తాడు. అదే పక్షపాతం సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిందంటే ఇక పక్క డిపార్ట్‌మెంట్ అంటూ ఉండదు. అదే సాఫ్ట్‌వేర్ పది సంస్థలు వాడితే పది గుమ్మాలూ ఒకేసారి మూసుకుంటాయి. బయట నిలబడ్డ మనిషికి మాత్రం ‘నాలోనే ఏదో లోపం ఉంది’ అనిపిస్తుంది.

ఇంకో కేసు చెప్తాను. దీనికి పెద్ద ఏఐ కూడా అక్కర్లేదు, ఒక మామూలు రూల్ చాలు. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే ఐట్యూటర్‌గ్రూప్ అనే సంస్థ మీద అమెరికా సమాన ఉపాధి అవకాశాల కమిషన్ దావా వేసింది. 55 దాటిన ఆడవాళ్లను, 60 దాటిన మగవాళ్లను వాళ్ల సాఫ్ట్‌వేర్ దానంతటదే తిరస్కరించేదని ఆరోపణ. 2023లో ఆ సంస్థ 3,65,000 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని రాజీ పడింది. ఈ సంగతి ఎలా బయటపడిందో చూడండి. కమిషన్ చెప్పినదాని ప్రకారం ఒక అభ్యర్థి రెండుసార్లు దరఖాస్తు పెట్టారు. అన్నీ అవే వివరాలు, పుట్టిన తేదీ మాత్రం మార్చారు. వయసు తక్కువ చూపించిన దరఖాస్తుకే ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. అనుమానం వచ్చిన ఒక్క మనిషి ఓపిగ్గా రెండోసారి ఫారం నింపబట్టి తెలిసింది. మనలో ఎంతమందికి ఆ ఓపిక ఉంటుంది? ఎంతమందికి అసలు అనుమానం వస్తుంది?

వీడియో ఇంటర్వ్యూల గురించి రెండు మాటలు. కెమెరా ముందు కూర్చుని యంత్రానికి జవాబులు చెప్పడం మీలో కొందరికి అనుభవమే అయి ఉంటుంది. హైర్‌వ్యూ అనే సంస్థ ఒకప్పుడు అభ్యర్థి ముఖ కవళికలను కూడా లెక్కలోకి తీసుకునేది. విమర్శలు వచ్చాక, ముఖాన్ని విశ్లేషించడం మానేశామని 2021 మొదట్లో ప్రకటించింది. యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. పనిచేసే చోట మనుషుల భావోద్వేగాలను ఏఐతో పసిగట్టడాన్ని, వైద్యం, భద్రత వంటి అవసరాలకు తప్ప, 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. మంచి పని చేసింది. టెన్షన్‌లో ఉన్న మనిషి ముఖం చూసి అతని పనితనం చెప్పేస్తానంటే నేను నమ్మను. నా మొదటి ఇంటర్వ్యూలో నా గొంతు వణికిపోయింది. అవతల కూర్చున్న పెద్దాయన మంచినీళ్ల గ్లాసు నావైపు జరిపి, ‘నిదానంగా చెప్పమ్మా’ అన్నారు. నా ఉద్యోగ జీవితం ఆ గ్లాసు నీళ్లతోనే మొదలైంది.

ఇప్పుడు మీరు తెచ్చుకున్న ప్రశ్నకు వద్దాం. ఉద్యోగాలు ఉంటాయా?

2013లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఫ్రే, ఆస్బోర్న్ అనే ఇద్దరు, అమెరికాలో 47 శాతం ఉద్యోగాలు యంత్రాల చేతిలోకి పోయే ముప్పులో ఉన్నాయని లెక్కగట్టారు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. మూడేళ్ల తర్వాత, ఎక్కువగా సంపన్న దేశాలే ఉన్న ఓఈసీడీ అనే కూటమి కోసం ఇంకో బృందం లెక్కేస్తే అమెరికాలో అది 9 శాతమే అయింది. ఇంత తేడా ఎందుకు? మొదటివాళ్లు ‘ఉద్యోగం’ మొత్తాన్ని ఒక ముద్దగా చూశారు. రెండోవాళ్లు ఆ ఉద్యోగంలో మనిషి రోజంతా ఏమేం పనులు చేస్తాడో విడదీసి చూశారు. ఒక అకౌంటెంట్ బిల్లులు ఎక్కిస్తాడు, అది యంత్రం చేస్తుంది. తేడా వచ్చిన చోట సప్లయర్‌కి ఫోన్ చేసి, గొడవ పడకుండా డబ్బు రాబడతాడు. అది యంత్రం చేయదు. ఉద్యోగమంటే ఇలాంటి ఇరవై ముప్పై పనుల మూట. ఏఐ ఆ మూట విప్పి కొన్నిటిని తీసుకుపోతుంది. మిగిలినవాటితో కొత్త మూట కట్టాల్సింది మనం. కొన్ని ఉద్యోగాల్లో మూట కట్టడానికి ఏమీ మిగలదు. దాన్ని దాచిపెట్టి ‘ఎవరికీ ఏమీ కాదు’ అని ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. గుమాస్తా పనులకు ముప్పు అన్నిటికంటే ఎక్కువని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లోనే చెప్పింది. ఆ పనుల్లో ఆడవాళ్లే ఎక్కువ.

జోస్యాల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి. ఇప్పటి ఏఐకి పునాది అయిన డీప్ లెర్నింగ్ పద్ధతికి ఆద్యుల్లో ఒకరైన జెఫ్రీ హింటన్ 2016లో, రేడియాలజిస్టులకు, అంటే ఎక్స్‌రేలు, స్కాన్‌లు చూసి జబ్బు చెప్పే డాక్టర్లకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలని అన్నారు. ఐదేళ్లలో యంత్రమే వాళ్లకంటే బాగా చూస్తుందన్నారు. దాదాపు పదేళ్లయినా ఆసుపత్రులు రేడియాలజిస్టుల కోసం వెతుకుతూనే ఉన్నాయి. స్వీడన్ ఆర్థిక సంస్థ క్లార్నా, తమ ఏఐ అసిస్టెంట్ 700 మంది కస్టమర్ ఏజెంట్ల పని చేస్తోందని 2024 ఫిబ్రవరిలో గొప్పగా ప్రకటించింది. మరుసటి ఏడాదికల్లా, కస్టమర్ కావాలంటే మనిషితో మాట్లాడేలా ఉండాలని మళ్లీ మనుషుల్ని తీసుకోవడం మొదలుపెట్టింది. అంత పెద్దవాళ్లే అంచనా తప్పారంటే, ఒక ప్రెజెంటేషన్ చూసి సగం డిపార్ట్‌మెంట్‌ను తీసేసే మేనేజ్‌మెంట్లకు అంత నమ్మకం ఎక్కడిది?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అధ్యయనం ఒకటుంది. స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ పరిశోధకులు 5 వేలకు పైగా కస్టమర్ సపోర్ట్ ఉద్యోగులను గమనించి 2023లో బయటపెట్టారు. కస్టమర్‌తో చాట్ చేస్తుంటే పక్కన ఏఐ ‘ఇలా చెప్పండి’ అని సూచనలిస్తుంది. దానివల్ల గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తగా చేరినవాళ్లలో, అంతగా నైపుణ్యం లేనివాళ్లలో 34 శాతం పెరిగాయి. బాగా అనుభవం ఉన్నవాళ్లకు మాత్రం పెద్దగా తేడా రాలేదు. ఇది విన్నప్పుడు ముందు సంతోషమేసింది. కొత్తవాళ్లు ఏడుస్తూ నేర్చుకునే ఆ మొదటి నెలలు తేలికవుతాయి కదా. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఆ సూచనలు ఎక్కడివి? బాగా పనిచేసే పాతవాళ్లు కస్టమర్లతో ఎలా మాట్లాడారో చూసి యంత్రం నేర్చుకున్నవే.

దీన్ని నేను కళ్లారా చూశాను. ఒకప్పుడు నేను పనిచేసిన చోట సపోర్ట్ టీమ్‌లో ఒకాయన ఉండేవారు, పదిహేనేళ్ల సీనియర్. అరుస్తూ ఫోన్ చేసిన కస్టమర్‌తో ఆయన మొదట ఒకటే మాట అనేవారు. “మీరు చెప్పేది రాసుకుంటున్నానండీ, పూర్తిగా చెప్పండి.” అవతలి గొంతు సగానికి తగ్గిపోయేది. ఏఐ పరికరం పెట్టిన కొన్ని నెలలకు, చేరి వారం కూడా కాని ఒక అమ్మాయి వెనక నిలబడి ఆమె స్క్రీన్ చూస్తున్నాను. కస్టమర్ కోపంగా ఉన్నాడని పసిగట్టి యంత్రం ఒక వాక్యం చూపించింది. ‘మీరు చెప్పేది రాసుకుంటున్నాను, పూర్తిగా చెప్పండి.’ ఆ అమ్మాయి క్లిక్ చేసింది, కస్టమర్ చల్లబడ్డాడు. ఆ మాట ఎవరిదో ఆ అమ్మాయికి తెలియదు. ఎవరిదో ఆ యంత్రమూ చెప్పదు.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ ఏడాది అప్రైజల్స్‌లో ఆయన పేరు పక్కన ఎర్ర గీత వచ్చింది. ఒక్కో కాల్‌కు ఆయనకు పట్టే సగటు టైమ్ దాదాపు రెట్టింపైంది. ఈ అంకెలన్నీ చూపించే స్క్రీన్, అదే డ్యాష్‌బోర్డ్, చెప్పింది చెప్పినట్టు తీసుకుంటే ఆయన పనితనం పడిపోయింది, రేటింగ్ తగ్గించాలి. ఆయన మేనేజర్ కుర్రాడు, మంచివాడే. “సిస్టమ్ అలా చూపిస్తోంది మేడమ్, నేనేం చేయను?” అన్నాడు. నాకు వెంటనే ఆ పాత ఫోన్ కాల్ గుర్తొచ్చింది. ఇద్దరం కూర్చుని ఆయన కాల్స్ ఒక ఇరవై విన్నాం. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రమైంది. తేలిక కాల్స్ అన్నిటినీ చాట్‌బాట్ తీసుకుంటోంది. మధ్యరకం కాల్స్ కొత్తవాళ్లు, ఏఐ సాయంతో, చేసేస్తున్నారు. ఎవరికీ తెగని చిక్కుముడులన్నీ ఆయన దగ్గరికి వస్తున్నాయి. ఒక కాల్‌లో, చనిపోయిన భర్త పేరు మీద ఉన్న ఖాతాను మూయించడానికి నాలుగోసారి ఫోన్ చేసిన పెద్దావిడతో ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. పని పూర్తి చేసి, ఆవిడ ఏడుపు ఆగేదాకా లైన్‌లో ఉన్నారు. డ్యాష్‌బోర్డ్‌లో అది నలభై నిమిషాల ‘ఆలస్యం’.

ఆ మేనేజర్ హెడ్‌ఫోన్స్ తీసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే రేటింగ్ మార్చాడు. ఆ సాయంత్రం ఆ ఇరవై కాల్స్ వినకపోతే ఒక మంచి ఉద్యోగి అవమానపడి వెళ్లిపోయేవారు. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసి ఉండేవారు. మేం దాన్నే నమ్మేవాళ్లం.

హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లకు ఇక్కడ రెండు పనులున్నాయి. ఒకటి, ఏఐ వచ్చాక కొలతలు మార్చాలి. తేలిక పని యంత్రం తీసుకున్న రోజే మనిషికి మిగిలింది కష్టమైన పని అని గుర్తించాలి. పాత స్టాప్‌వాచ్‌తో కొత్త పనిని కొలిస్తే ఎవరి మీద భారం ఎక్కువుందో వాళ్లే వెనకబడినట్టు కనిపిస్తారు. రెండోది ఇంకా పెద్దది. ఎవరి అనుభవంతో యంత్రం తెలివి సంపాదించిందో వాళ్లకు దక్కేదేంటి? 2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేశారు. ఏఐ రాసింది తమ క్రెడిట్‌కు, పారితోషికానికి ఎసరు పెట్టకూడదని ఒప్పందంలో రాయించుకున్నారు. వాళ్లకు బలమైన సంఘం ఉంది. ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగికి ఎవరున్నారు? ఈ విషయంలో నా దగ్గర తయారుగా జవాబు లేదు. బోనస్ రూపంలో ఇవ్వాలా, ట్రైనర్ హోదా, దానికి తగ్గ జీతం ఇవ్వాలా అన్నది సంస్థ తేల్చుకోవచ్చు. కానీ అడగకుండా, చెప్పకుండా తీసుకోవడం మాత్రం తప్పు. ఈ మాట నేను ఏ బోర్డ్‌రూమ్‌లోనైనా అంటాను.

ఫ్రెషర్ల సంగతి నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెరికా జీతాల రికార్డులు పరిశీలించారు. ఏఐ ప్రభావం ఎక్కువగా ఉన్న ఉద్యోగాల్లో 22 నుంచి 25 ఏళ్లవాళ్ల ఉపాధి, మిగతావాళ్లతో పోలిస్తే 13 శాతం తగ్గినట్టు తేల్చారు. అవే ఉద్యోగాల్లో పెద్దవాళ్లకు అంత దెబ్బ తగల్లేదు. ఎందుకో ఊహించడం కష్టమేమీ కాదు. రిపోర్టు సారాంశం తీయడం, చిన్న ప్రోగ్రాం రాయడం, మీటింగ్ మినిట్స్ రాయడం, ఇవే ఫ్రెషర్లకు ఇచ్చే పనులు. ఇప్పుడు సీనియర్లు వీటిని ఏఐకి ఇస్తున్నారు. దానికి అలుపు లేదు, సెలవు అడగదు.

కానీ ఆ పనులు కేవలం పనులు కావు, అవే బడి. మినిట్స్ రాసిన పిల్లకే మీటింగ్‌లో ఎవరు ఏం దాచారో అర్థమవుతుంది. తప్పు ప్రోగ్రాం రాసి రాత్రంతా కూర్చున్న కుర్రాడికే రేపు యంత్రం రాసినదాంట్లో తప్పెక్కడుందో కనిపిస్తుంది. ఫ్రెషర్లను తీసుకోవడం మానేసిన సంస్థ ఈ ఏడాది లాభం చూపిస్తుంది. అది విత్తనాల గింజలు వండుకు తినడం లాంటిది, ఈ పూటకు కడుపు నిండుతుంది. పదేళ్ల తర్వాత ‘సీనియర్లు దొరకడం లేదు’ అని మళ్లీ ప్రకటనలిస్తారు. పనిలో ఉన్నవాళ్ల చెయ్యి కూడా మొద్దుబారుతుంది. పోలండ్‌లో కొలనోస్కోపీ, అంటే కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేసే అనుభవజ్ఞులైన డాక్టర్లను గమనించారు. ఏఐ సాయానికి అలవాటు పడ్డాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో క్యాన్సర్‌గా మారే ప్రమాదమున్న కణితులను గుర్తించే రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిపోయింది. 2025లో వచ్చిన ఫలితాలివి. వేల పరీక్షలు చేసిన డాక్టర్లకే అలా అయితే, పని నేర్చుకునే వయసులో ఉన్న పిల్లల మాటేమిటి?

అందుకని మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. చేరిన మొదటి ఆరు నెలలు ఫ్రెషర్ ముందు తన చేత్తో చేయాలి, తర్వాతే ఏఐతో చేయించి రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. టైమ్ రెట్టింపు పడుతుంది. ఫైనాన్స్‌వాళ్లు నన్ను నిలదీశారు కూడా. కానీ ఆ పిల్లలు మూడో నెలకే ‘ఏఐ ఇక్కడ తప్పు చెప్పింది మేడమ్’ అని పట్టుకుంటున్నారు.

చట్టాల గురించి ఎక్కువ చెప్పను. న్యూయార్క్ నగరం 2023 జులై నుంచి, నియామకాల్లో వాడే ఇలాంటి పరికరాలకు ఏటా బయటివాళ్లతో పక్షపాత ఆడిట్ చేయించి ఫలితాలు ప్రకటించాలని, అభ్యర్థులకు ముందే చెప్పాలని అమలు చేస్తోంది. యూరప్ చట్టం నియామకాల ఏఐని ‘హై రిస్క్’ జాబితాలో పెట్టింది. కాలిఫోర్నియాలో ఒక ఫెడరల్ కోర్టు, సాఫ్ట్‌వేర్ అమ్మిన వర్క్‌డే సంస్థ మీద వివక్ష కేసు ముందుకు సాగడానికి ఒప్పుకుంది. ఆ సంస్థ ఆరోపణలను కాదంటోంది.

వీటన్నిటిలో నా మనసుకు దగ్గరైంది ఆమ్‌స్టర్‌డామ్ అప్పీల్ కోర్టు 2023 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పు. మోసం చేశారంటూ ఉబర్ కొందరు డ్రైవర్ల ఖాతాలు మూసేసింది. నిర్ణయం మా మనుషులే చూసి తీసుకున్నారని కంపెనీ వాదన. ఆ మనుషుల పాత్ర కేవలం నామమాత్రం అని కోర్టు తేల్చింది. ఏ అర్హత ఉన్నవాళ్లు చూశారు, డ్రైవర్‌తో మాట్లాడారా లేదా అన్నది పట్టించుకుంది.

ఈ తీర్పు హెచ్‌ఆర్‌వాళ్లందరూ చదవాలి. ‘మా దగ్గర తుది నిర్ణయం మనిషిదే’ అని ప్రతి సంస్థా తన పాలసీలో రాసుకుంటుంది. వెళ్లి చూస్తే ఆ మనిషి రోజుకు మూడొందల ఫైళ్ల మీద ‘అప్రూవ్’ నొక్కుతుంటాడు. ఒక్కోదానికి అరనిమిషం. యంత్రం చెప్పినదానికి కాదంటే కారణం రాయాలి, ఔనంటే ఏమీ రాయక్కర్లేదు. అలాంటప్పుడు ఎవరైనా ఏది నొక్కుతారు? అతన్ని తప్పుపట్టకండి. అతనికి టైమ్ ఇవ్వండి, కాదనే అధికారం ఇవ్వండి, కాదన్నందుకు సంజాయిషీ అడగకండి. అప్పుడు ‘తుది నిర్ణయం మనిషిదే’ అన్న మాట నిజమవుతుంది.

ఉద్యోగాలు వెతుక్కుంటున్న పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకొక మాట. రిజెక్ట్ మెయిల్ వచ్చినంత మాత్రాన మిమ్మల్ని ఎవరో చదివి వద్దన్నారని అనుకోకండి. చాలాసార్లు అసలు ఎవరూ చదివి ఉండరు. తిరిగి రాయండి, ‘నా దరఖాస్తును మనిషి చూశారా, ఎందుకు తిరస్కరించారు’ అని మర్యాదగా అడగండి. జవాబు రాకపోవచ్చు. కానీ వందమంది అడిగితే లోపల ఎవరో ఒకరు ఆ సెట్టింగ్ తెరిచి చూస్తారు. నన్ను ఒక్కరు అడిగారు, నేను తెరిచి చూశాను.

ఇప్పుడు మా దగ్గర ప్రతి శుక్రవారం సాయంత్రం, సాఫ్ట్‌వేర్ పక్కన పడేసిన వాటిలోంచి ముప్పై రెజ్యూమెలు చేతికొచ్చినట్టు తీసి, ఇద్దరం కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదువుతాం. కొన్ని వారాలు ఏమీ దొరకదు. కొన్ని వారాలు ఇద్దరు ముగ్గురిని వెనక్కి పిలుస్తాం. మా రిజెక్ట్ మెయిల్ కింద ఇప్పుడు ఒక పేరు, ఒక ఫోన్ నంబరు ఉంటాయి. పేరు నాదే. రోజుకు మూడు నాలుగు కాల్స్ వస్తాయి, ఎత్తి మాట్లాడతాను.

ఇక మీరు అడగండి.